రాండమ్, సీక్రెట్స్, నంపై: పైథాన్‌లో ఏది మేలు?

క్లాసులో 60 మందిలోంచి పదిమందిని ఎంపిక చేయాలి. యాప్‌లో లాగిన్ అయ్యేవాళ్లకు ఓటీపీ పంపాలి. కోటిసార్లు పాచిక వేసినట్టు లెక్కగట్టి సగటు చూడాలి. మూడూ రాండమ్ పనులే కదా అని చాలామంది అన్నిటికీ ఒకటే లైబ్రరీ వాడేస్తుంటారు. పైథాన్‌లో ఇందుకు మూడు దారులున్నాయి: భాషతోపాటే వచ్చే రాండమ్, 2016 డిసెంబరులో పైథాన్ 3.6తో వచ్చిన సీక్రెట్స్, విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే నంపై. ఏది ఎక్కువ రాండమ్ అని ఆలోచిస్తూ కూర్చుంటే ఎటూ తేలదు. రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది. రాబోయే సంఖ్య ముందే తెలిస్తే ఎవరికైనా లాభముందా? ఇవాళ వచ్చిన ఫలితమే రేపు మళ్లీ రావాలా?

రోజువారీ పనుల్లో ఎక్కువ భాగానికి రాండమ్ సరిపోతుంది. అందులో ఛాయిస్ ఒకదాన్ని తీస్తుంది, శాంపిల్ కొన్నింటిని తీస్తుంది, షఫుల్ జాబితా వరుసను తారుమారు చేస్తుంది. లోపల పనిచేసేది మెర్సెన్ ట్విస్టర్ అనే పద్ధతి. జపాన్‌కు చెందిన మకోటో మత్సుమోటో, తకుజి నిషిమురా దీన్ని 1997లో రూపొందించారు. ఇందులో వచ్చే సంఖ్యల వరుస ఎంత పొడవంటే, అది తిరిగి మొదటికి రావడం మన జీవితకాలంలో జరిగే పని కాదు.

ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఛాయిసెస్ అనే ఇంకో ఫంక్షన్ దగ్గర. పేరు ఛాయిస్‌లాగే ఉంటుంది, పది పేర్లు అడిగితే పదీ ఇస్తుంది. కానీ తీసిన పేరును మళ్లీ జాబితాలో వేసి ఇంకోటి తీస్తుంది. 60 మందిలో పదిమందిని అలా తీస్తే, కనీసం ఒక పేరు రెండోసారి వచ్చే అవకాశం దాదాపు 55 శాతం. ఎర్రర్ ఏమీ రాదు, కాబట్టి జాబితా అంటించాక ఎవరో అడిగేదాకా తెలియదు. మనుషుల్ని ఎంపిక చేసేటప్పుడు శాంపిలే వాడాలి.

రాండమ్‌కున్న అసలు బలం సీడ్, అంటే వరుస మొదలవడానికి మనమిచ్చే సంఖ్య. ఒకే సీడ్ ఇస్తే ఒకే వరుస వస్తుంది కాబట్టి, ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపించే బగ్‌ను మళ్లీ రప్పించి పట్టుకోవచ్చు. అయితే సీడ్‌ను మొత్తం ప్రోగ్రామ్‌కి ఇవ్వకండి. మధ్యలో వేరే ఏదో మాడ్యూల్ ఒక్క సంఖ్య లాక్కున్నా మీ వరుస జరిగిపోతుంది. రాండమ్ క్లాస్‌తో మీకంటూ ఒక ఆబ్జెక్ట్ చేసుకుని, దానికే సీడ్ ఇచ్చి, అవసరమైన ఫంక్షన్లకు దాన్నే పంపండి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటిరోజే ఈ అలవాటు చేయాలని నా అభిప్రాయం.

అదే రాండమ్‌తో ఓటీపీ తయారుచేయడం మాత్రం తప్పు. మెర్సెన్ ట్విస్టర్ తన స్థితిని 624 సంఖ్యల్లో దాచుకుంటుంది. దాని నుంచి వరుసగా వచ్చిన 32 బిట్ల సంఖ్యలు 624 చేతికి దొరికితే, ఆ తర్వాత వచ్చేవన్నీ లెక్కగట్టి చెప్పేయొచ్చు. ఇక సీడ్‌గా గడియారాన్ని వాడితే అంత కష్టం కూడా అక్కర్లేదు. 1999లో ఒక ఆన్‌లైన్ పోకర్ ఆటలో ఇదే బయటపడింది. 52 పేకముక్కల్ని కలపగల తీర్లు 68 అంకెల సంఖ్య. ఆ ప్రోగ్రామ్ మాత్రం అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లను సీడ్‌గా తీసుకుంది. రోజుకు ఉన్నవి 8.64 కోట్ల మిల్లీసెకన్లే. టైమ్ సుమారుగా తెలిస్తే వెతకాల్సినవి ఇంకా తగ్గిపోతాయి. పరిశోధకులు చేతిలోని ముక్కల్ని, బల్లమీది ముక్కల్ని చూసి మిగతావాళ్ల పేక మొత్తం చెప్పగలిగారు.

సీక్రెట్స్ వచ్చింది ఇలాంటి పనులకే. దీనికి సీడ్ ఇచ్చే వీలే లేదు. సంఖ్యల్ని నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర తీసుకుంటుంది. ఓటీపీనే తీసుకోండి. రాండ్‌బిలో అనే ఫంక్షన్‌కి పది లక్షలు అని ఇస్తే 0 నుంచి 9,99,999 దాకా ఏదో ఒకటి వస్తుంది. 4821 వస్తే ముందు సున్నాలు చేర్చి 004821 అని పంపాలి. సున్నాల గొడవెందుకని కొందరు 1,00,000 నుంచి మొదలుపెడతారు. దాంతో పది లక్షల్లో లక్ష ఓటీపీలు ఊరికే వదులుకున్నట్టే. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులకైతే టోకెన్ తయారుచేసే ఫంక్షన్లు అందులోనే ఉన్నాయి. శాంపిల్, షఫుల్ నేరుగా లేవు కదా అని మళ్లీ రాండమ్‌కి వెళ్లిపోనక్కర్లేదు. సీక్రెట్స్‌లోనే సిస్టమ్‌రాండమ్ అనే క్లాస్ ఉంది, దాంతో అవి రెండూ చేయొచ్చు.

నంపై సంగతి వేరు. అది లక్షలు, కోట్లలో సంఖ్యలు ఒక్కసారే కావాల్సినవాళ్లది. కోటి సంఖ్యలు అడిగితే మామూలు ల్యాప్‌టాప్‌లోనూ సెకనులోపే ఇస్తుంది; వాటికి 80 ఎంబీ మెమరీ పడుతుంది. 2019లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి జనరేటర్ పద్ధతి ఉంది, అది మామూలుగా మెర్సెన్ ట్విస్టర్ బదులు పీసీజీ64 అనే పద్ధతి వాడుతుంది. ఇప్పటికీ చాలా పాఠాల్లో పాత పద్ధతే కనిపిస్తుంది కానీ, కొత్త కోడ్‌కి జనరేటరే తీసుకోండి. రాండమ్ అలవాటైనవాళ్లు ఒకచోట తప్పకుండా తడబడతారు: రాండమ్‌లో రాండింట్‌కి 1, 6 ఇస్తే 6 కూడా వస్తుంది. నంపై జనరేటర్‌లో ఇంటిజర్స్‌కి అవే ఇస్తే 6 ఎప్పటికీ రాదు. పాచిక సగటు 3.5కి బదులు 3 దగ్గర తేలిందంటే కారణం అదే. ఎంపికలోనూ దాని ఛాయిస్ మామూలుగా పేర్లు తిరిగి వేసి తీసేదే. అలా వద్దని మనమే చెప్పాలి. భద్రత అవసరమైన పనికి ఇదీ పనికిరాదు.

ఇంతవరకు తేలికే. నలుగురి ముందు తీసే డ్రా వచ్చేసరికి ఏ ఒక్కటీ చాలదు. తిరుమల సేవా టికెట్ల ఎలక్ట్రానిక్ డిప్, ఎన్నికల సిబ్బంది ర్యాండమైజేషన్ మనకు తెలిసినవే. ఇలాంటి చోట ఫలితం ముందుగా ఎవరికీ తెలియకూడదు, తర్వాత ఎవరైనా సరిచూసుకోగలగాలి. సీక్రెట్స్ మొదటిది ఇస్తుంది, రెండోది ఇవ్వలేదు. సీడ్ ఇచ్చిన రాండమ్ రెండోది ఇస్తుంది, కానీ సీడ్ ఎంచుకున్న మనిషిని నమ్మాల్సి వస్తుంది. లోపలి మనిషిని నమ్మితే ఏమవుతుందో అమెరికా చూసింది. మల్టీ స్టేట్ లాటరీ అసోసియేషన్‌లో సమాచార భద్రత చూసిన ఎడ్డీ టిప్టన్, ఏడాదిలో కొన్ని తేదీల్లో వచ్చే నంబర్లు తనకు ముందే తెలిసేలా డ్రా ప్రోగ్రామ్‌లో కోడ్ పెట్టాడు. 2017లో అతనికి 25 ఏళ్ల దాకా జైలుశిక్ష పడింది.

అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ కేటాయింపు లాంటి డ్రా మీరు తీయాల్సి వస్తే ఇలా చేయండి. ముందు పేర్ల జాబితాను, కోడ్‌ను అందరికీ పంపి, ఇక మార్చేది లేదని చెప్పండి. తర్వాత అందరి ముందు పది అంకెలు ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేత చీటీ తీయించి, వాటినే సీడ్‌గా ఇవ్వండి. జాబితా వరుసలోనే ఒక్కో పేరుకు, రాండమ్ లైబ్రరీలో అదే పేరుతో ఉన్న రాండమ్ ఫంక్షన్ ఇచ్చే దశాంశ సంఖ్య కేటాయించి, ఆ సంఖ్యల ప్రకారం పేర్లను సర్దండి. ఈ పనికి శాంపిల్, షఫుల్ వద్దంటున్నది ఎందుకంటే, వాటి లోపలి లెక్క పైథాన్ వెర్షన్‌ను బట్టి మారొచ్చు. ఒకే సీడ్‌కి ఒకే వరుస వస్తుందని పైథాన్ మాటిచ్చింది ఆ దశాంశ సంఖ్యల విషయంలోనే. అందుకని రెండేళ్ల తర్వాత ఎవరైనా అనుమానంతో వచ్చినా, ఆ జాబితా, ఆ పది అంకెలు చేతిలో పెట్టి, మీరే రన్ చేసి చూసుకోండి అనొచ్చు.