కారు మైలేజీ: ముల్లు, స్క్రీను, ఫుల్ ట్యాంకు లెక్క... ఏది మేలు?

శ్రీకాకుళంలో కారున్న నలుగురు ఒకచోట చేరితే ముందు వచ్చే ప్రశ్న "మీది ఎంతిస్తంది?" అనే. ఒకాయన స్క్రీను మీద 21 చూపిస్తోందంటాడు. అదే మోడలు కొన్న ఇంకొకాయన వెయ్యికి కొట్టిస్తే వైజాగ్ వెళ్లి తిరిగి భోగాపురం వచ్చేసరికి రిజర్వు లైటు వెలుగుతోందని గోల పెడతాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, కొలిచే పద్ధతులే వేరు. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. ఏ కారు ఎంతిస్తుందన్నది తర్వాత సంగతి, ముందు ఏ లెక్కను నమ్మాలో చూద్దాం.

పెట్రోలు మీటరు ముల్లు సంగతి మొదట తేల్చేద్దాం. ట్యాంకులో పెట్రోలు మీద ఒక ఫ్లోటు తేలుతుంటుంది. దానికి సన్నటి చెయ్యి లాంటి కడ్డీ ఉంటుంది. అది పైకీ కిందకీ కదిలేకొద్దీ మారే కరెంటును బట్టి మీటరు కదులుతుంది. అంటే మీటరుకు తెలిసేది పెట్రోలు ఎంత ఎత్తులో ఉందనే, ఎన్ని లీటర్లుందో దానికి తెలీదు. వెనక సీటు కింద ఇరికించడానికి ట్యాంకును వంకరటింకరగా చేస్తారు కాబట్టి, పైన ఒక అంగుళంలో పట్టే పెట్రోలూ అడుగున ఒక అంగుళంలో పట్టేదీ ఒకటి కావు. పైగా ఫుల్ కొట్టిస్తే ఫ్లోటు పైకంటా వెళ్లి ఆగిపోతుంది. ఆపైనా, గొట్టంలోనూ ఉన్న పెట్రోలు ఖర్చయ్యేదాకా ముల్లులో చలనం ఉండదు. పలాస వెళ్లొచ్చినా ఫుల్ దగ్గరే నిలబడ్డ ముల్లు, సగం దాటాక గబగబా దిగిపోవడానికి కారణం ఇదే. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే ట్యాంకులో పెట్రోలు వెనక్కి జరిగి ఒక గీత మాయమవుతుంది, చదునుకు వచ్చాక మళ్లీ కనిపిస్తుంది. బంకుకు ఎప్పుడు వెళ్లాలో చెప్పడానికి ముల్లు చాలు, మైలేజీ లెక్కకు పనికిరాదు.

రిజర్వు నుంచి రిజర్వుకు లెక్క, అంటే ఒకసారి రిజర్వులో పడ్డప్పటి నుంచి మళ్లీ పడేదాకా ఎంత తిరిగామో చూసుకోవడం, మన నాన్నల కాలం బైకుల నుంచి వచ్చింది. అప్పట్లో అది మంచి లెక్కే. కార్బురేటరు బండికి పెట్రోలు కాక్ అనే చిన్న కుళాయి ఉండేది. మెయిన్‌లో పెట్రోలు అయిపోతే ఇంజను దగ్గి ఆగేది, కాక్ తిప్పితే రిజర్వు మొదలయ్యేది. ప్రతిసారీ దాదాపు ఒకే మట్టం దగ్గర అలా జరిగేది. కారులో రిజర్వు లైటును వెలిగించేది ఆ ఫ్లోటే. మలుపులో ఒకసారి, ఎత్తు ఎక్కుతుంటే ఇంకోసారి, బ్రేకు కొట్టినప్పుడు మరోసారి వెలుగుతుంది. దాని కోసం లైటు పడేదాకా నడపడమూ మంచిది కాదు. ట్యాంకులోనే ఉండే పెట్రోలు పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

ఇక స్క్రీను. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి, ఎంత పెట్రోలు పోయి ఉంటుందో కంప్యూటరు అంచనా కడుతుంది. బంకులో వచ్చే లెక్క కంటే స్క్రీను లెక్క కాస్త ఎక్కువ చూపించడం మామూలే. అయినా దాన్ని తీసిపారేయను. చెప్పేది కొంచెం అబద్ధమే అయినా రోజూ ఒకే అబద్ధం చెబుతుంది కాబట్టి పోల్చుకోవడానికి భలే పనికొస్తుంది. నరసన్నపేట నుంచి టెక్కలి దాకా హైవే మీద 80లో ఒకసారి, 110లో ఒకసారి వెళ్లి చూడండి. రెండంకెల్లో ఏదీ కచ్చితం కాకపోవచ్చు గానీ వాటి మధ్య తేడా మాత్రం నిజం. ఏసీ వేస్తే ఎంత పోతోంది, టైర్లలో గాలి తగ్గితే ఎంత పోతోంది అన్నవీ ఇలాగే తెలుస్తాయి. ఒకటి చూసుకోండి: సగటు దానంతటదే సున్నాకు వస్తోందా, మీరు నొక్కితేనే వస్తోందా? కొన్ని కార్లలో పెట్రోలు కొట్టించగానే మారిపోతుంది, కొన్నింటిలో కొన్నప్పటి నుంచి ఉన్న సగటే నడుస్తుంటుంది. 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు వెళ్లొచ్చు' అనే అంకెను మాత్రం పట్టుకుని కూర్చోవద్దు. అది ఇప్పటిదాకా మీరు నడిపిన తీరును బట్టి చెప్పేది. హైవే దిగి ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో పడ్డారంటే కారు నడిచిన దూరం కంటే ఆ అంకె తగ్గే వేగమే ఎక్కువ.

నా ఓటు ఫుల్ టు ఫుల్‌కే. నాజిల్ దానంతటదే ఆగేదాకా, అంటే ఆటో కట్ అయ్యేదాకా కొట్టించి ట్రిప్ మీటరు సున్నా చేయాలి. తిరిగాక మళ్లీ ఆటో కట్ దాకా కొట్టించి, కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించాలి. 486 కిలోమీటర్లు తిరిగి 27.4 లీటర్లు పట్టిందనుకోండి, లీటరుకు 17.7. ఇది అందరికీ తెలిసిందే. అయినా లెక్క తప్పేది ఎక్కడంటే, కొద్ది పెట్రోలు మీద లెక్క కట్టడం దగ్గర. ఫుల్ అనేది కచ్చితంగా ఒకే గీత దగ్గర ఆగదు, అర లీటరు అటూ ఇటూ కావచ్చు. 90 కిలోమీటర్లు తిరిగి 5 లీటర్లు పడితే మైలేజీ 18. ఆ అర లీటరు తగ్గి 4.5 పడితే 20 అవుతుంది, పెరిగి 5.5 పడితే 16.4 దగ్గర ఆగుతుంది. కారూ అదే, నడిపిందీ మీరే. పై లెక్కలో 27.4కు అదే అర లీటరు కలిపినా 17.7 కాస్తా 17.4 అవుతుంది, అంతే. ఏ పద్ధతైనా సరే, నేను ముందు చూసేది ఎన్ని లీటర్ల మీద కట్టిన లెక్క అనే. వెయ్యి రూపాయల లెక్క తేలిపోయేదీ ఇక్కడే. లీటరు 110 దగ్గరుంటే వెయ్యికి వచ్చేది తొమ్మిది లీటర్లే, పైగా ముందు ట్యాంకులో ఎంత ఉందో, తర్వాత ఎంత మిగిలిందో చెప్పాల్సింది ఆ ముల్లే.

"ప్రతిసారీ ఫుల్ అంటే మూడు వేలు ఒకేసారి ఎక్కడి నుంచి తేవాలి?" అంటారు. ప్రతిసారీ అక్కర్లేదు. మొదట ఒకసారి, ఆఖర్న ఒకసారి ఫుల్ ఉంటే చాలు. మధ్యలో 500కి కొట్టించినా, 300కి కొట్టించినా ఫర్వాలేదు, లీటర్లు మాత్రం రాసుకోవాలి. ఆఖరి ఫుల్‌కు పట్టిన లీటర్లు, మధ్యలో కొట్టించినవి కలిపి కిలోమీటర్లను భాగించండి. మొదటిసారి ఫుల్ చేసిన లీటర్లు లెక్కలోకి రావు. చాలామంది వాటినీ కలిపేసి మైలేజీ పడిపోయిందని మెకానిక్ దగ్గరకు పరిగెడతారు. బంకు బిల్లును డ్యాష్‌బోర్డు అరలో పడేస్తే ఎండకు అక్షరాలు ఎగిరిపోతాయి, అక్కడికక్కడే ఫోన్‌లో ఎక్కించుకోండి.

బంకు దగ్గర ఇంకో చిక్కుంది. నాజిల్ టక్కున ఆగుతుంది, మీటరు 2,963 దగ్గర నిలుస్తుంది. కుర్రాడు "రౌండు చేసీమంటారేటి సార్?" అంటూనే మళ్లీ నొక్కేస్తాడు. వద్దని ముందే చెప్పండి. మొదటి టక్కుకే ఆపాలి, వీలైతే అదే బంకు, అదే నాజిల్. మూతి దాకా పోయిస్తే పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా తడిసి పాడవుతుంది, లెక్కా పోతుంది. డీజిల్ నురగ కడుతుంది కాబట్టి నెమ్మదిగా పోయమనాలి.

32 లీటర్ల ట్యాంకులో 33 పట్టాయని బంకులో తగువులాడేవాళ్లు కూడా ఉన్నారు. కంపెనీ చెప్పే 32లో పైన వదిలే ఖాళీ, గొట్టం చేరవు కాబట్టి అంతమాత్రాన మోసం జరిగినట్టు కాదు. అనుమానం తీరకపోతే బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలత పాత్ర ఉంటుంది, అందులో పోసి చూపించమని అడగొచ్చు. అడిగితే కాదనకూడదు.

ఫోన్ యాప్‌లంటారా, అవి కూడా ఫుల్ టు ఫుల్ లెక్కే చేస్తాయి, భాగహారం మీకు తప్పుతుంది. మెకానిక్‌లు కొలిచిన పెట్రోలుతో సీసా కట్టి చూసే టెస్టు పాత బైకులకు సరిపోతుంది, ఇంజెక్షన్ కార్లకు వద్దు. సీఎన్‌జీ వాళ్లు కిలోల్లో లెక్క వేసుకోవాలి.

ఈ20 వల్ల తగ్గిందా అన్నదానికి కూడా జవాబు ఫుల్ టు ఫుల్ లెక్కలోనే దొరుకుతుంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే మూడోవంతు దాకా తక్కువ, కాబట్టి కొంత తగ్గడం సహజం. ఈ10కు డిజైన్ చేసి ఈ20కి సర్దిన కార్లలో 1-2 శాతం, అసలు ఇథనాల్ లేని పెట్రోలుకు డిజైన్ చేసి ఈ10కు సర్దిన పాత కార్లలో 6-7 శాతం తగ్గవచ్చని 2021 నీతి ఆయోగ్ నివేదిక అంచనా. 18 ఇచ్చే కారుకు 1-2 శాతమంటే లీటరుకు మూడొందల అరవై మీటర్ల లోపే. అంత చిన్న తేడా ఒకటి రెండు ఫుల్ ట్యాంకుల్లో బయటపడదు, నెలల తరబడి రాసుకుంటేనే తెలుస్తుంది. ఈ20 రాకముందు లెక్క రాసుకోనివాళ్లకు పోల్చుకోవడానికి పాత అంకే ఉండదు.

ఇచ్ఛాపురం వైపు వాళ్లకో మాట. ఒడిశాలో ధర తక్కువని గిరిసోల దాటి కొట్టిస్తుంటారు కదా, మధ్యలో ఎన్నిసార్లయినా కొట్టించండి, లీటర్లు రాసుకోండి. మొదటి ఫుల్, ఆఖరి ఫుల్ మాత్రం అటువైపైనా ఇటువైపైనా, రెండూ ఒకే బంకులో అయితే మేలు.