లేత్ గేర్లు పీకేసిన మూడేళ్లకి

మా షెడ్డు పలాస పక్కన కాశీబుగ్గలో. లేత్, అంటే ఇనుప కడ్డీని తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషను, చిన్నదే. నాలుగున్నర అడుగుల బెడ్, టూల్‌ని పక్కకి జరిపే పొడుగు స్క్రూ (లీడ్ స్క్రూ) అంగుళానికి 4 మరలు. పొద్దున జీడి ఫ్యాక్టరీ వాళ్లు బాయిలర్‌కి అంగుళం పైపు నిపుల్ (చివరల్లో మర ఉన్న పొట్టి పైపు ముక్క) చేయమంటారు, దానికి అంగుళానికి 11 మరలు. మధ్యాహ్నం ఎవరో 20 ఎం.ఎం. బోల్టు అడుగుతారు, దాని పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, 2.5 ఎం.ఎం. కడ్డీని తిప్పే ఇరుసు (స్పిండిల్) ఒక చుట్టు తిరిగితే టూల్ ఎంత జరగాలో లీడ్ స్క్రూకి తగిలించిన గేర్లే తేలుస్తాయి. అందుకే ఈ రెంటికీ మధ్య గ్రీజు చేతులతో గేర్లు మార్చడమే నా పని. పైగా అంగుళాల స్క్రూతో మిల్లీమీటర్ల మర కచ్చితంగా రావాలంటే 127 పళ్ల గేరు ఉండాలి. 25.4ని అయిదుతో గుణిస్తే వచ్చేది అదే. నా లేత్‌తో అది రాలేదు.

ఆ విసుగుతోనే ఎలక్ట్రానిక్ లీడ్ స్క్రూ పెట్టించాను, అంటే గేర్ల బదులు ఒక బోర్డు చెప్పినట్టు మోటారే స్క్రూని తిప్పుతుంది. స్పిండిల్‌కి ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో పల్స్‌లుగా చెప్పేది), లీడ్ స్క్రూకి 3:1 బెల్టు మీద, అంటే స్క్రూ ఒక చుట్టుకి మోటారు మూడు చుట్లు, స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగేది). స్పిండిల్ కొసన కడ్డీని పట్టుకునే చక్ ఒక్క చుట్టు తిరిగితే బోర్డుకి 4096 పల్స్‌లు అందుతాయి. వాటిని బట్టి మోటారు ఎంత తిరగాలో బోర్డే లెక్కేస్తుంది. ప్రోగ్రాం ఎక్కించింది మా బావమరిది. మొత్తం 24 వేల దాకా అయింది. నాకు పని నేర్పిన మేస్త్రి వచ్చి చూసి, "ఏట్రా, గేర్లు పీకీసి టీవీ పెట్టీసినావు?" అన్నారు.

మరల కోసం పెట్టించాను గానీ రోజూ మురిసిపోయేది ఫీడ్ చూసి, అంటే చక్ ఒక చుట్టుకి టూల్ జరిగే దూరం. షాఫ్ట్ మీద 0.25 ఎం.ఎం.తో రఫ్ కట్ కొట్టి, బటన్ నొక్కి 0.08కి దించితే ఫినిషింగ్ అద్దంలా వస్తుంది. పొడుగు షాఫ్ట్ మధ్యలో కీచుమంటే లేత్ ఆపక్కర్లేదు, కట్ నడుస్తుండగానే ఫీడ్ మార్చి చూస్తాను. గేర్లతో ఈ పని ఎవరు చేస్తారు? ఒక ఫీడ్ పెడితే వారమంతా అదే.

మొదటి రెండు నెలలు మాత్రం ఏడిపించింది. బోల్టుకి నట్టు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుపోయేది. టూల్ మార్చాను, బెల్టు బిగించాను, లాభం లేదు. ఒకరోజు చక్ ఆగి ఉన్నా స్క్రీన్ మీద ఆర్.పి.ఎం. 3, 4 అని గెంతుతుంటే అప్పుడు వెలిగింది. స్పిండిల్ మోటారు స్పీడు మార్చే పెట్టె (వి.ఎఫ్.డి.) వైరూ, ఎన్‌కోడర్ వైరూ ఒకే పైపులో వేశాను, దాని గోల ఎన్‌కోడర్ పల్స్‌లలో కలిసిపోతోంది. ఎన్‌కోడర్‌కి షీల్డ్ కేబుల్ వేసి, షీల్డ్‌ని ఒక్క చివరే ఎర్త్ చేసి, వేరే దారిలో లాగాక మళ్లీ ఆ గోల లేదు.

చెరువు తూము షట్టర్ రాడ్‌కి 6 ఎం.ఎం. పిచ్ మర కోసినప్పుడు ఇంకో పాఠం. స్పిండిల్ నిమిషానికి 300 చుట్ల మీద పెట్టాను. అంటే స్టెప్పర్ 850 చుట్లు తిరగాలి. ఆ స్పీడులో దానికి బలం చాలదు, గుర్రుమని ఆగిపోయింది. రాడ్ పాడైంది. ఇప్పుడు లావు పిచ్ అయితే 80 దాటను.

కరెంటు పోతే ఇంకా టెన్షన్. బోర్డు వెంటనే ఆరిపోతుంది, చక్ మాత్రం ఇంకో నాలుగు చుట్లు తిరుగుతుంది, టూల్ ఉన్నచోటే గాడి కోసేస్తుంది. బోర్డుకీ స్టెప్పర్‌కీ యు.పి.ఎస్. పెట్టాక ఆ బెడద పోయింది. మర సగంలో హాఫ్ నట్ (టూల్ బండిని లీడ్ స్క్రూకి పట్టి ఉంచే నట్టు) తీయకూడదన్నది మాత్రం పాత నియమమే. నా బోర్డు స్థానం గుర్తుపెట్టుకోదు. టూల్ వెనక్కి లాగి, స్పిండిల్ రివర్స్ తిప్పి రావాల్సిందే. పొరపాటున తీస్తే హాఫ్ నట్ వేసి, ఖాళీగా కొంచెం నడిపి లూజు పోగొట్టి, కాంపౌండ్ స్లైడ్‌తో (టూల్‌ని చేత్తో కొద్దికొద్దిగా జరిపే స్లైడు) టూల్‌ని పాత గాడిలో కూర్చోబెట్టుకుంటాను.

చక్ దగ్గర లీడ్ స్క్రూ అరిగిపోయింది. దాన్ని ఈ బోర్డు బాగుచేయలేదు సరికదా, ఫీడ్‌కి కూడా అదే స్క్రూ వాడుతున్నాను కాబట్టి ఇంకా అరుగుతోంది.

పాత గేర్లు అమ్మలేదు, ఆయిల్ రాసి డబ్బాలో ఉంచాను. మొన్న స్టెప్పర్ డ్రైవర్ కాలిపోతే, కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు వాటితోనే నడిపాను. మేస్త్రి ఏమీ అనలేదు, నవ్వారంతే.