ప్యాకెట్ ఎక్కడ ఆగిందో చెప్పే రౌటర్: మైక్రోటిక్ హ్యాప్ ఏసీ2

కరీంనగర్ చుట్టుపక్కల సీసీ కెమెరాలు బిగించడం నా పని. కెమెరా బిగించడం ఒక ఎత్తు, ఊళ్లో లేని మనిషికి దాన్ని ఫోన్‌లో చూపించడం ఇంకో ఎత్తు. ఇప్పుడొచ్చే డీవీఆర్‌లు (కెమెరాల బొమ్మలను రికార్డు చేసే డబ్బాలు) క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే క్లౌడ్ మీదుగా కనపడతాయి కాబట్టి చాలా ఇళ్లకు పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌ను రౌటర్ ఇంట్లోని ఫలానా పరికరానికి తిప్పి పంపడం) అవసరమే పడదు. పాత డీవీఆర్ ఉన్నచోట, రెండు మూడు కంపెనీల కెమెరాలను ఒకే సాఫ్ట్‌వేర్‌లో చూడాలన్నచోట, ఇంట్లో కంప్యూటర్‌ను బయటి నుంచి వాడుకోవాలన్నచోట మాత్రం రౌటర్‌లోకి దిగక తప్పదు. అలాంటి ఇళ్లకు నేను పెట్టేది మైక్రోటిక్ హ్యాప్ ఏసీ2. మా ఇంట్లో ఉన్నదీ అదే.

లాట్వియా కంపెనీ. చిన్న నల్ల డబ్బా, ఐదు గిగాబిట్ పోర్టులు, రెండు బ్యాండ్ల వైఫై, ఒక యూఎస్‌బీ. 24 వోల్టుల అడాప్టర్ ఇస్తారు గానీ 12 వోల్టులతోనూ నడుస్తుంది, కాబట్టి కరెంటు పోతే మామూలు మినీ యూపీఎస్ చాలు. వైఫై 5 వరకే ఉంది. అదే డబ్బుకు వైఫై 6 రౌటర్లు దొరుకుతాయి. వైఫై కోసమే అయితే ఇది కొనక్కర్లేదు.

మామూలు ఇంటి రౌటర్లలో పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే నాలుగు గడులు: బయటి పోర్ట్ (వైరు గుచ్చేది కాదు, ఏ సేవకో చెప్పే నంబరు), లోపలి ఐపీ, లోపలి పోర్ట్, డేటా పంపే పద్ధతి టీసీపీయా యూడీపీయా. నింపి సేవ్ కొడితే అయిపోయింది. పనిచేస్తే సంతోషం. చేయకపోతే ఎందుకు చేయలేదో ఆ పేజీ చెప్పదు. రౌటర్ రీస్టార్ట్ చేసి, డీవీఆర్ రీస్టార్ట్ చేసి, చివరికి దేవుడి మీద భారం వేయడమే. మైక్రోటిక్‌లో విన్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఐపీ, ఫైర్‌వాల్ (రాకపోకలకు కాపలా), న్యాట్ (ఇంట్లోని అడ్రస్‌లకూ బయటి అడ్రస్‌కూ మధ్య మార్పిడి) అనే మెనూల దాకా వెళ్లాలి. మొదటిసారి చూసినవాళ్లకు కళ్లు తిరిగేన్ని గడులుంటాయి. కానీ ప్రతి రూల్ పక్కనా ఒక అంకె ఉంటుంది, ఎన్ని ప్యాకెట్లు (నెట్‌లో డేటా వెళ్లే చిన్న ముక్కలు) ఆ రూల్‌కు తగిలాయో చెప్పే అంకె. నేను డబ్బులు పెట్టేది ఆ అంకెకే.

సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లు సేటు ఇంట్లో జరిగింది చెబుతాను. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. "ఏం తమ్మీ, ఇంట్ల కనపడ్తున్నయి, పిలగానికి కనపడ్తలేవు" అని సేటు ఫోన్. పాత డీవీఆర్, అడ్రస్ 192.168.1.64, వీడియో పోర్ట్ 8000. ఫైబర్ వాళ్లిచ్చిన డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ను అలాగే దాటించేలా) పెట్టించి, పీపీపీఓఈ లాగిన్ (నెట్ కంపెనీ ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్) మైక్రోటిక్‌లోనే కొట్టాను. రెండు డబ్బాలూ రౌటర్ పని చేస్తే న్యాట్ మీద న్యాట్ పడి, రెండింట్లోనూ ఫార్వర్డింగ్ రాయాల్సి వస్తుంది. డీవీఆర్ జోలికి పోకుండా మైక్రోటిక్ లోపలి అడ్రస్‌నే 88.1 నుంచి 192.168.1.1కు మార్చి, డీఎస్‌టీ-న్యాట్ రూల్ (బయటి నుంచి 8000 పోర్ట్‌కు వచ్చినదాన్ని డీవీఆర్‌కు తిప్పేది) ఒకటి రాశాను. రౌటర్‌తో పాటే వచ్చే ఫైర్‌వాల్‌లో వేరే తలుపు తీయక్కర్లేదు. బయటి నుంచి వచ్చినవాటిలో డీఎస్‌టీ-న్యాట్ కానివాటినే అది ఆపేస్తుంది.

కొడుకును మొబైల్ డేటా మీద యాప్ తెరవమన్నాను. అంకె సున్నా. మళ్లీ తెరవమన్నాను. సున్నాయే. అంటే ప్యాకెట్ మన గడప దాకా రాలేదు, ఇంట్లో ఏం మార్చినా ఉపయోగం లేదు. పీపీపీఓఈకి వచ్చిన అడ్రస్ చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రస్‌లను 2012లో పక్కన పెట్టిందే నెట్ కంపెనీల న్యాట్ కోసం. ఐపీవీ4 అడ్రస్‌ల అంతర్జాతీయ నిల్వ 2011 ఫిబ్రవరిలోనే ఖాళీ అయింది కాబట్టి వందల ఇళ్లకు కలిపి ఒక పబ్లిక్ ఐపీ (బయటి ప్రపంచానికి కనపడే అడ్రస్) ఇస్తారు. దాని మీద మనింటి పేరుతో పోర్ట్ తెరిచే అధికారం మన రౌటర్‌కు లేదు. నెట్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "మా దగ్గర అన్ని పోర్టులూ ఓపెనే సార్" అన్నారు. ఏమీ తెలియని గొంతుకు కూడా ఎంత ధైర్యమో! పైవాళ్లతో మాట్లాడితే నెలకింత అని స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ అడ్రస్) ఇచ్చారు.

ఇప్పుడు అంకె కదిలింది. ఒకటి, రెండు, మూడు. బొమ్మ మాత్రం రాలేదు. ఇక్కడో సంగతి: ఆ అంకె మొత్తం డేటాది కాదు, కొత్త కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్లదే. అందుకని పక్కనున్న కనెక్షన్స్ ట్యాబ్ చూడాలి. అక్కడ 8000 పోర్ట్ వరుసలో 'సిన్ సెంట్' అని ఉండిపోయింది. మనం తలుపు కొట్టాం, డీవీఆర్ పలకలేదు. ఇంట్లోని ఫోన్లకు పలుకుతోంది, బయటివాళ్లకు పలకడం లేదు అంటే నూటికి తొంభై పాళ్లు గేట్‌వే (బయటికి వెళ్లే దారిగా డీవీఆర్‌లో రాసే రౌటర్ అడ్రస్) తప్పు. అడ్రస్ చేత్తో కొట్టి గేట్‌వే గడిని గాలికి వదిలేసి ఉంటారు. సరిచేద్దామంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. పెట్టిన కుర్రాడు దుబాయ్ వెళ్లిపోయాడు. కెమెరాలు చూసే యూజర్ పాస్‌వర్డ్ ఒక్కటే సేటు దగ్గర ఉంది.

డీవీఆర్‌ను రీసెట్ చేయకుండా రెండో రూల్ రాశాను. ఎస్ఆర్‌సీ-న్యాట్‌లో, 192.168.1.64కు వెళ్లే 8000 పోర్ట్ ప్యాకెట్లకు మాస్కరేడ్, అంటే పంపినవాళ్ల అడ్రస్ బదులు రౌటర్ అడ్రస్ పెట్టడం. అప్పుడు అడుగుతున్నది హైదరాబాద్ ఫోన్ కాదు, పక్కనే ఉన్న 192.168.1.1 అని డీవీఆర్ అనుకుంటుంది. పక్కింటివాడికి జవాబివ్వడానికి గేట్‌వే ఎందుకు? బొమ్మ వచ్చేసింది. దీంతో ఒక నష్టం ఉంది. ఎవరు చూసినా డీవీఆర్ లాగ్‌లో రౌటర్ అడ్రసే పడుతుంది. పాస్‌వర్డ్ దొరికిన రోజు గేట్‌వే సరిచేసి ఆ రూల్ తీసేయాలి.

ఇంట్లోని వైఫై మీద పబ్లిక్ ఐపీ కొడితే తెరుచుకోని ఇబ్బందికి కూడా మందు ఇలాంటి రూలే. ఫోన్ అడిగింది పబ్లిక్ అడ్రస్‌ను. రౌటర్ దాన్ని డీవీఆర్ వైపు తిప్పుతుంది, డీవీఆరేమో రౌటర్‌ను దాటేసి నేరుగా ఫోన్‌కు జవాబిస్తుంది. నేను నిన్ను అడగలేదే అని ఫోన్ దాన్ని పారేస్తుంది. మాస్కరేడ్ పెడితే జవాబు వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఒక్క మెలిక: డీఎస్‌టీ-న్యాట్ రూల్‌లో 'వ్యాన్ (బయటి నెట్ వైపు) నుంచి వస్తేనే' అని షరతు పెట్టి ఉంటే లోపలి ఫోన్ ఆ రూల్‌కు తగలదు. షరతుగా స్టాటిక్ ఐపీనే గమ్యం అడ్రస్ గడిలో రాయాలి. అసలు ఏ షరతూ లేకుండా వెబ్ పేజీలు వాడే 80 పోర్ట్ తిప్పారనుకోండి, ఇంట్లోవాళ్లు మామూలు హెచ్‌టీటీపీ సైట్ ఏది కొట్టినా డీవీఆర్ లాగిన్ పేజీ ప్రత్యక్షమవుతుంది. యూట్యూబ్ చూసి రూల్స్ రాసినచోట ఈ తమాషా కనపడుతూనే ఉంటుంది.

భద్రత సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్లు చెప్పినట్టు ఆడే పరికరాల గుంపు) తయారైందే డీవీఆర్‌లు, కెమెరాలు, ఇంటి రౌటర్లతో. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చనివాటిలోకి అది దూరింది. బయటి పోర్ట్ 8000 బదులు 48000 పెడితే సరిపోతుందని మా లైన్‌లో చాలామంది అంటారు. స్కాన్ చేసేవాడికి అదో లెక్క కాదు. చూసేవాళ్లకు స్టాటిక్ ఐపీ ఉంటే ఆ అడ్రస్ నుంచి వచ్చేవాటినే అనుమతించాలి. లేకపోతే వైర్‌గార్డ్ (ఫోన్ నుంచి ఇంటి రౌటర్‌కు తాళం వేసిన సొంత దారి, అంటే వీపీఎన్) మేలు. మైక్రోటిక్ సాఫ్ట్‌వేర్ అయిన రౌటర్‌ఓఎస్ 7లో ఉంది. మామూలుగా 13231 అనే ఒక్క యూడీపీ పోర్ట్ చాలు, డీవీఆర్ బయటికి కనపడనే కనపడదు. దీనికీ పబ్లిక్ ఐపీ కావాలి. నా మాట వినేవాళ్లందరికీ వైర్‌గార్డే పెడతాను. ఫోన్‌లో ఇంకో యాప్ ఎందుకని విసుక్కునేవాళ్లకే పోర్ట్ తెరుస్తాను.

మైక్రోటిక్ కూడా దీనికి అతీతం కాదు. 2018లో విన్‌బాక్స్‌లో లోపం బయటపడింది. కంపెనీ ఏప్రిల్‌లోనే అప్‌డేట్ ఇచ్చినా, వేసుకోని రౌటర్లు వేల సంఖ్యలో హ్యాకర్ల చేతికి చిక్కాయి. విన్‌బాక్స్ పోర్ట్ 8291ను బయటికి తెరవకండి, ఎంత దూరం నుంచి సర్వీస్ చేయాల్సి వచ్చినా సరే. అప్‌డేట్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త: దీని స్టోరేజి 16 ఎంబీయే. ఫైల్స్‌లో పడి ఉన్న పాత బ్యాకప్పులు తీసేసి, సెట్టింగులను ఎక్స్‌పోర్ట్ చేసి కంప్యూటర్‌లోకి తెచ్చుకున్నాకే అప్‌డేట్ బటన్ నొక్కండి. ఇంత తతంగం మనవల్ల కాదనుకునే ఇంటికి నేనైతే ఇది అమ్మను, క్యూఆర్ కోడ్ డీవీఆరే పెట్టించుకోమంటాను.