వెటర్నరీ బిల్లు మోయలేనప్పుడు ఏది మేలు: ఖర్చు తగ్గించుకోవడమా, వాయిదాలా, ట్రస్టు సాయమా, విరాళాలా?

కుక్కకో పిల్లికో ఆపరేషన్ అనగానే చాలామంది అడిగేది ట్రస్టుల జాబితా, లేదా విరాళాల పేజీ తెరిచే పద్ధతి. రెండూ పనికొచ్చేవే, కానీ వాటి వంతు తర్వాత వస్తుంది. ముందు అడగాల్సింది ఎదురుగా ఉన్న డాక్టర్ని. అదీ వైద్యం మొదలుకాక ముందే. బిల్లు తయారయ్యాక చేతిలో మిగిలే దారి దాదాపుగా అప్పు ఒక్కటే.

మీ స్తోమత ఎంతో తెలియకపోతే డాక్టర్ సహజంగా పూర్తిస్థాయి వైద్యాన్నే చెబుతారు. "కొంచెం తగ్గించండి" అంటే ఫీజులో ఏదో కాస్త తగ్గుతుంది, అంతే. "నేను ఇంతవరకే పెట్టగలను, ఇందులో ఏం చేయొచ్చు?" అని అంకె చెప్పి అడిగితే వైద్య ప్రణాళికే మారుతుంది. పద్దులవారీగా, కనిష్ఠం ఎంతో గరిష్ఠం ఎంతో వేసిన ఎస్టిమేట్ రాసిమ్మనండి. అందులోని ప్రతి పరీక్ష గురించీ ఒకే ప్రశ్న వేయండి: ఫలితం ఎలా వచ్చినా చేసే వైద్యం ఒకటేనా? అవునంటే ఆ పరీక్షను ఆపుకోవచ్చు. జనరిక్ మందు ఉందా, చీటీ రాసిస్తే బయట కొనుక్కోవచ్చా, కట్టు మార్చడానికి డాక్టర్ బదులు నర్సు సరిపోతారా, రాత్రి ఆసుపత్రిలో ఉంచడం తప్పదా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

తక్కువ ఖర్చు వైద్యమంటే నాసిరకం వైద్యమన్న భయం చాలామందిలో ఉంది. కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో అనే వైరస్ జబ్బు సంగతి చూడండి. కుక్కపిల్లను ఆసుపత్రిలో ఉంచి రోజుల తరబడి సెలైన్ ఎక్కించడం ప్రామాణిక పద్ధతి. అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని ఇన్‌పేషెంట్‌గా చేర్చకుండా చేసే పద్ధతితో పోల్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒక్కో గుంపులో 20 కుక్కలు. చేర్చుకున్నవాటిలో 90 శాతం బతికితే, రెండో పద్ధతిలో 80 శాతం బతికాయి. అయితే ఆ రెండో గుంపుకు కూడా మొదట నరంలోకి సెలైన్ ఇచ్చి స్థిరపరిచాకే చర్మం కింద ద్రవాలు, ఎక్కువ రోజులు పనిచేసే యాంటీబయాటిక్ ఇంజెక్షన్, వాంతుల మందు ఇచ్చారు. ఆ తొలి మెట్టు ఎగ్గొట్టి ఇంట్లో నోటితో నీళ్లు తాగిస్తూ కూర్చుంటే ఈ అంకెలు వర్తించవు.

ఖర్చు తగ్గించే వీలు బాగా తక్కువగా ఉండే జబ్బులూ ఉన్నాయి. మగపిల్లికి మూత్రం బిగుసుకుపోవడం, పెద్ద కుక్కకు కడుపు ఉబ్బి మెలిపడటం, గర్భాశయంలో చీము పట్టడం లాంటివి. మొదటి రెండింట్లో లెక్క గంటల్లోనే. చీము విషయంలో ఆలస్యమైనకొద్దీ ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతుంది, ఆపరేషన్ కష్టమవుతుంది, బిల్లూ పెరుగుతుంది. డబ్బు మిగులుతుందని ఇంట్లో ఉన్న మాత్ర వేయడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు: పారాసెటమాల్ పిల్లిని చంపగలదు, ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

వాయిదాల్లో రెండు రకాలు. ఆసుపత్రి తనంతట తాను ఇచ్చేది మేలు, ఎందుకంటే వడ్డీ ఉండదు, ఉన్నా స్వల్పం. కానీ ఇది పాత క్లయింట్లకే దొరకడం ఎక్కువ. "తర్వాత కడతాను" అని వదిలేయకండి. ఈరోజు ఎంత, ఏ తేదీన ఎంత అన్నది మీరే కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఇక క్రెడిట్ కంపెనీల "వడ్డీ లేని" పథకాల్లో ఒక మెలిక ఉంటుంది. గడువులోగా పైసాతో సహా తీరకపోతే, కొన్ని పథకాల్లో మొదటి రోజునుంచీ మొత్తం బిల్లు మీద వడ్డీ పడుతుంది. వాళ్లు చూపించే కనీస వాయిదా కడుతూ పోతే గడువుకు అప్పు తీరదు. 12 నెలల పథకమైతే బిల్లును 11తో భాగించి నెలనెలా అంత కట్టండి, ఒక నెల వెసులుబాటు మిగులుతుంది.

ట్రస్టు సాయం తిరిగి కట్టక్కర్లేదు. కాబట్టి వ్యవధి ఉంటే అప్పు కన్నా ముందు ప్రయత్నించాల్సింది ఇదే. దరఖాస్తులు తిరస్కరించడానికి కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. అప్పటికే కట్టేసిన బిల్లు పంపడం ఒకటి: చాలా సంస్థలు పాత బిల్లులకు ఇవ్వవు, డబ్బు మీ చేతికి కాక నేరుగా ఆసుపత్రికే పంపుతాయి. రోగనిర్ధారణ లేకుండా "ఆపరేషన్ కావాలట" అని రాయడం ఇంకొకటి. జబ్బు పేరు, కోలుకునే అవకాశం గురించి డాక్టర్ రాసిన మాట, ఎస్టిమేట్, ఆదాయ రుజువు సిద్ధంగా పెట్టుకోండి. జంతువుకు పిల్లలు పుట్టకుండా చేసే (కు.ని.) ఆపరేషన్ అయిందా అనీ అడుగుతారు. ఒక్క సంస్థే మొత్తం భరించడం అరుదు, కాబట్టి నాలుగైదు చోట్లకు ఒకేసారి పంపి, ఎవరు ఎంత ఒప్పుకున్నారో మిగతావారికి తెలియజేయండి. జబ్బును బట్టి, జాతిని బట్టి సాయం చేసే నిధులను విడిగా వెతకండి. వాటికి పోటీ తక్కువ. జవాబుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. అందుకే ఈ రాత్రి అవసరానికి ఇది దారి కాదు. ఆ రాత్రి అడగదగ్గది ఆసుపత్రి సొంత సహాయనిధి. క్లయింట్ల విరాళాలతో నడిచే ఇలాంటివి కొన్నిచోట్ల ఉంటాయి గానీ బోర్డు మీద రాయరు. డాక్టర్ని కాదు, మేనేజర్ని అడగండి.

వెటర్నరీ కాలేజీ ఆసుపత్రులు మామూలు చికిత్సకు చౌక కావచ్చు, స్పెషలిస్టు విభాగాలు అలా ఉండాలని లేదు. సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. మీ జంతువు జబ్బు మీద అక్కడ క్లినికల్ ట్రయల్ (కొత్త వైద్యాన్ని పరీక్షించే అధ్యయనం) నడుస్తుంటే ఖర్చులో కొంత వాళ్లే భరించవచ్చు.

విరాళాల పేజీని చివరికి ఉంచడానికి కారణం మొహమాటం కాదు. తొలి విరాళాలు సాధారణంగా తెలిసినవాళ్లవే, వాళ్లను నేరుగా అడిగితే మధ్యలో విరాళాల వెబ్‌సైటు కోసుకునే రుసుము ఉండదు, డబ్బు చేరడానికి రోజులూ పట్టవు. తెరిస్తే మాత్రం మీ ఫోన్ నంబరు, చిరునామా కనబడకుండా ఎస్టిమేట్ ఫొటో పెట్టండి, ఇష్టమైనవాళ్లు ఆసుపత్రికే కట్టే వీలు చూపండి. జంతువు దక్కకపోతే మిగిలిన డబ్బు ఎక్కడికి వెళ్తుందో ముందే రాయండి.

బీమా ఇప్పటికే ఉన్న జబ్బుకు పనికిరాదు. కొన్ని షెల్టర్లు వైద్యం చేయిస్తాయి గానీ జంతువును వాళ్లకు రాసిచ్చేయాలి. అలా రాసిచ్చే కాగితం మీద సంతకం పెట్టేముందు, నయమయ్యాక మళ్లీ మీకే దత్తత ఇస్తారా అన్నది రాతలో తీసుకోండి.