తక్కువ తిరిగే కారుకు ఏది మేలు: మామూలు బీమానా, కిలోమీటర్ల బీమానా?

నెలకోసారి రాజమండ్రి ఆసుపత్రికి, పెళ్లిళ్ల రోజుల్లో భీమవరం, తణుకు, ఏడాదికోసారి అన్నవరం. కోనసీమలో ఇంటి ముందు షెడ్డులో ఉండే చాలా కార్లు తిరిగేది ఇంతే. ఏడాదంతా కలిపినా ఐదారు వేల కిలోమీటర్లు దాటని కారుకు, రోజూ హైవే ఎక్కే కారుతో సమానంగా ప్రీమియం ఎందుకు కట్టాలి? న్యాయమైన ప్రశ్నే. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీనికి దారి తెరిచింది. తిరిగిన దూరాన్నిబట్టి కట్టే ‘పే యాజ్ యూ డ్రైవ్’, నడిపే తీరునుబట్టి కట్టే ‘పే హౌ యూ డ్రైవ్’ రెండింటినీ ఓన్ డ్యామేజ్ పాలసీకి యాడ్-ఆన్‌గా, అంటే అదనపు కవర్‌గా అమ్ముకోవచ్చని అనుమతిచ్చింది.

ఆ ‘ఓన్ డ్యామేజ్’ అన్న మాట దగ్గరే ఆగి చూడాలి. కారు బీమాలో రెండు భాగాలుంటాయి. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ చట్టప్రకారం తప్పనిసరి, దాని రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రేట్లలో వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి రూ.2,094, 1,500 సీసీ వరకు రూ.3,416. కారు వంద కిలోమీటర్లు తిరిగినా లక్ష తిరిగినా అందులో పైసా తగ్గదు. తగ్గింపంతా మన కారు నష్టానికి కట్టే రెండో భాగం, ఓన్ డ్యామేజ్‌లోనే.

లెక్క కోసం 1,200 సీసీ కారు ఓన్ డ్యామేజ్ రూ.9,000 అనుకుందాం. థర్డ్ పార్టీ కలిపితే రూ.12,416, దానిపై 18 శాతం జీఎస్టీతో రూ.14,651. కిలోమీటర్ల పాలసీలో 20 శాతం తగ్గించారనుకుంటే మొత్తం రూ.12,527కి వస్తుంది, అంటే రూ.2,124 మిగులు. అదే కారు పాతబడి, ఐడీవీ (బీమాకు లెక్కగట్టే కారు విలువ) పడిపోయి, క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం కూడా తగ్గించాక ఓన్ డ్యామేజ్ రూ.3,500కి దిగితే, అదే 20 శాతానికి మిగిలేది జీఎస్టీతో కలిపి రూ.826. అందుకే ఏడెనిమిదేళ్ల కారుకు ఈ తంటా పడక్కర్లేదు. కొత్త కారు, ఖరీదైన కారు ఉన్నవాళ్లు మాత్రం తప్పక కొటేషన్ అడగాలి.

దూరం లెక్కపెట్టే తీరు మూడు రకాలు. మాకు నచ్చేది మీటరు రీడింగే. పాలసీ తీసుకునే రోజు ఇగ్నిషన్ వేసి రీడింగు, నంబరు ప్లేటు ఫొటోలు పంపాలి, క్లెయిమ్ రోజు మళ్లీ చూస్తారు. ఇక్కడ తేడా వచ్చేది మీటరు బోర్డు మార్చినప్పుడు. పాత రీడింగు రాసిన సర్వీసు సెంటరు జాబ్‌కార్డు దాచుకుని కంపెనీకి మెయిల్ పెట్టకపోతే, నష్టం అంచనా వేసే సర్వేయర్ సర్వీసు బిల్లులతో పోల్చినప్పుడు లెక్క కుదరదు.

రెండోది స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్‌లో (సర్వీసులో స్కానర్ పెట్టే చోటు) గుచ్చే డివైస్. కారు ఆగి ఉన్నా ఇది బ్యాటరీ నుంచి కొద్దికొద్దిగా కరెంటు లాగుతుంది. మూడు నాలుగు వారాలు కదలని కారుకు, అంటే సరిగ్గా ఈ పాలసీ ఎవరి కోసమో వాళ్ల కారుకే, బ్యాటరీ డౌనయ్యే ప్రమాదం ఉంది. సర్వీసులో స్కానర్ పెట్టడానికి డివైస్ తీసి మళ్లీ గుచ్చడం మరిచిపోతే, ఆ ఖాళీకి జవాబు చెప్పుకోవాల్సింది మీరే. మూడోది మొబైల్ యాప్. బ్లూటూత్ జోడింపు లేకపోతే, మీరు ఆర్టీసీ బస్సులో పోయినా ఆ దూరాన్ని కారు ఖాతాలో వేసే వీలుంది.

నడిపే తీరునుబట్టి కట్టేదాన్ని డెల్టాలో తీసుకోవద్దనే మా సలహా. గట్టి బ్రేకు కొడితే మార్కు తగ్గుతుంది. కాలవ గట్టు రోడ్డు మీద ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు, మలుపులో గేదెల మంద, కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం. జాగ్రత్తగా నడిపేవాడు కొట్టే బ్రేకే ఇక్కడ తప్పుగా నమోదవుతుంది. పైగా ఎప్పుడు ఎక్కడికెళ్లారో అంతా కంపెనీ సర్వరులో చేరుతుంది.

కిలోమీటర్ల పాలసీలో ఏడాదికి ఎన్ని కిలోమీటర్లో ముందే ఎంచుకోవాలి, అక్కడ ఊహ పనికిరాదు. చివరి రెండు సర్వీసు బిల్లుల రీడింగుల తేడాను నెలలతో భాగించి 12తో హెచ్చించండి, దానిపై ఐదోవంతు కలపండి. సంక్రాంతికి పిల్లలొచ్చి కారు తీసుకుని తిరిగేదీ అందులోకే వస్తుంది. అమలాపురం నుంచి ఒక్కసారి హైదరాబాద్ వెళ్లొస్తే సుమారు 900 కిలోమీటర్లు, 5,000 కిలోమీటర్ల స్లాబులో అది దాదాపు ఐదోవంతు. పరిమితి దాటాక ప్రమాదం జరిగితే కొన్ని పాలసీలు క్లెయిమ్‌లో కోత పెడతాయి, కొన్ని అసలు ఇవ్వవు. అదనపు కిలోమీటర్ల టాప్-అప్‌ను పరిమితి అయిపోకముందే వేయించుకోవాలి.

ఇక అసలు భయం నీళ్లది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంక ఊళ్లో షెడ్డులో నిలిపిన కారును ముంచే వరద అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగదు. కాబట్టి పాలసీ కాగితంలో ఒక వాక్యం వెతకండి: కిలోమీటర్లు అయిపోయాక కూడా ఆగి ఉన్న కారుకు వరద, అగ్ని, దొంగతనం కవర్ కొనసాగుతుందా? లేదంటే మామూలు సమగ్ర పాలసీయే మేలు. ఉందంటే, మిగిలిన డబ్బుతో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ తీసుకోండి. గాలి వెళ్లే దారిన నీరు సిలిండర్లోకి చేరాక స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ ఖర్చు మామూలు పాలసీలో రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నా, మునిగిన కారును స్టార్ట్ చేశారని తెలిస్తే కొర్రీ పడుతుంది. తాళం తిప్పకుండా, నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్ బండి మీదే మెకానిక్ షెడ్డుకు పంపాలి.

ఏ పాలసీకి మారినా పాతదాని గడువు తీరకముందే మారండి. గడువు దాటి 90 రోజులైతే కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ మొత్తం పోతుంది.