ఎనామిల్ క్యాస్ట్ ఐరన్ గిన్నె: మూడు ఆకురాలు కాలాలు వండాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఎనామిల్ పూత వేసిన ఈ పోత ఇనుప గిన్నె నాకు చాలా ఇష్టం. మూడేళ్లుగా మా ఇంట్లో శరత్కాలం మొదలయ్యేది ఇది పై అర నుంచి కిందికి దిగిన రోజునే. కానీ దీని డబ్బా మీద రాసే మాటల్లో కొన్ని నిజం కావు, కొనేవాళ్లకి తెలియాల్సినవి కొన్ని అసలు రాయరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నాది 26 సెంటీమీటర్ల గుండ్రటి గిన్నె. ఐదు లీటర్లకు కాస్త పైనే పడుతుంది, మూతతో కలిపి బరువు ఐదు కిలోల పైమాటే. బయట ఎరుపు, లోపల మీగడ రంగు. దీన్నే చాలామంది డచ్ ఓవెన్ అంటారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం గిన్నెలన్నిటికీ కొద్దో గొప్పో వర్తిస్తాయి.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే అమ్మ గురించి చెప్పాలి. నా చిన్నప్పటి నుంచీ చలి మొదలయ్యే రోజుల్లో ఒక ఆదివారం అందరం కలిసి గుమ్మడికాయ సూప్ చేసుకోవడం మాకు అలవాటు. తలా ఒక పని ఉండేది, ఒకరు కోసేవాళ్లు, ఒకరు గింజలు తీసేవాళ్లు, ఒకరు ఉల్లిపాయలు తరిగేవాళ్లు. కానీ అమ్మ మాత్రం పొయ్యి దగ్గరే గరిటె పట్టుకుని నిలబడేది. పలుచటి అల్యూమినియం గిన్నె, చిక్కటి సూప్, ఒక్క నిమిషం వదిలేసినా అడుగంటేది. "మీరు కానివ్వండి, నేను వస్తా" అనేది, ఆవిడ వచ్చి కూర్చునేసరికి మా కబుర్లు అయిపోయేవి. నేను పెద్దయ్యాక కూడా అదే వరస. గిన్నె మారిస్తే అమ్మ మాతో కూర్చుంటుందేమో అనిపించింది, అంతే, కొనేశాను.

ఇప్పుడు గిన్నె పనితనం. ఇది వేడిని అన్ని వైపులా సమానంగా పంచుతుందని రాస్తారు, అది నిజం కాదు. పోత ఇనుము కంటే అల్యూమినియం దాదాపు మూడు నాలుగు రెట్లు బాగా వేడిని పాకిస్తుంది. గిన్నె పెట్టగానే పెద్ద మంట పెట్టారంటే మంట తగిలిన చోట మండిపోతుంది, అంచులు చల్లగానే ఉంటాయి. దీని గొప్పదనం వేరే. లోహం మందంగా, బరువుగా ఉంటుంది కాబట్టి ఒకసారి వేడెక్కాక ఆ వేడిని వదలదు. అందుకని సన్నటి మంట మీద, కాస్త నూనో వెన్నో వేసి, ఐదారు నిమిషాలు ఓపికపట్టండి. ఆ తర్వాత ఉల్లిపాయలు వేస్తే వాటంతటవే మగ్గుతాయి, మూత బరువుకి ఆవిరి బయటికి పెద్దగా పోదు, ఆ ఆవిరే చుక్కలై మళ్లీ కూర మీద పడుతుంది. మధ్యలో రెండుసార్లు కలిపితే చాలు. మొదటిసారి ఉల్లిపాయలు ముప్పావుగంట మగ్గి తేనె రంగుకి వచ్చినప్పుడు అమ్మ మూత తీసి చూసి, గరిటె పక్కన పెట్టి, వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నాకు అది చాలు.

లోపలి రంగు విషయంలో ఒక మాట. కొన్ని గిన్నెలకు లోపల నల్లటి గరుకు పూత ఉంటుంది, అది మరకలు చూపించదు, వేపుళ్లకి బాగుంటుందంటారు. నేను మాత్రం లేత రంగుదే తీసుకోమంటాను, అడుగున పట్టిన గోధుమరంగు పొర మాడుతోందా, సరిగ్గా ఎర్రబడిందా అనేది కంటికి కనిపిస్తుంది. ఆ పొరలోనే రుచంతా ఉంటుంది, కాసిన్ని నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే సూప్‌లో కలిసిపోతుంది.

గుమ్మడికాయ సూప్ ఇందులో ఎలా చేస్తామంటే, కాయను పెద్ద ముక్కలుగా కోసి, తొక్కతోనే, గిన్నెలో పేర్చి మూత లేకుండా 200 డిగ్రీల ఓవెన్‌లో అంచులు నల్లబడే దాకా ఉంచుతాం. నీళ్లలో ఉడికిస్తే ఈ రుచి రాదు, దాదాపు 140 డిగ్రీలు దాటితే గానీ ఆ కమ్మటి ఎరుపు రాదు, నీళ్లు ఉన్నంతసేపూ వేడి వంద దగ్గరే ఆగిపోతుంది. ముక్కలు తీసేసి అదే గిన్నెలో ఉల్లిపాయ, వెల్లుల్లి, చిటికెడు జాజికాయ పొడి మగ్గించి, గుమ్మడి గుజ్జు, నీళ్లు పోసి అరగంట వదిలేయడమే. ఓవెన్ నుంచి స్టవ్ మీదికి, స్టవ్ మీద నుంచి బల్ల మీదికి ఒకటే గిన్నె. బల్ల మీద కూడా రెండోసారి వడ్డించుకునే దాకా సూప్ వేడిగానే ఉంటుంది. నిదానంగా తినే పిల్లలు, కబుర్లు చెప్పే పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఓవెన్‌లో గుమ్మడికాయ ఉండగా పిల్లలు ఏరుకొచ్చిన ఆకులు బల్ల మీద పరుచుకుంటారు. ఆకులో పచ్చరంగు ఇచ్చే క్లోరోఫిల్ విరిగిపోయాక, అంతదాకా దాని చాటున ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి కదా, అవి కెరోటినాయిడ్లు, గుమ్మడికాయకి రంగునిచ్చేవీ అవే. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి మా చిన్నోడు ప్రతిసారీ ఆకునీ ముక్కనీ పక్కపక్కన పెట్టి రంగు సరిపోల్చి చూస్తాడు.

చిలగడదుంపలకి మాత్రం నేను ఓవెన్‌ని ముందుగా వేడి చేయను. దుంపలు కడిగి, తుడవకుండా, మూత పెట్టి చల్లటి ఓవెన్‌లోనే పెట్టేస్తా. దుంపలో ఉండే ఒక ఎంజైమ్ దాదాపు 60 నుంచి 75 డిగ్రీల మధ్య పిండిపదార్థాన్ని మాల్టోస్ అనే చక్కెరగా మారుస్తుంది, ఆ వేడిలో దుంప ఎంత ఎక్కువసేపు ఉంటే అంత తియ్యన. ఈ గిన్నె నిదానంగా వేడెక్కడం మిగతా చోట్ల ఇబ్బంది, ఇక్కడ అదే వరం.

రాజ్మా, ఎర్ర బీన్స్ లాంటివి కూడా ఈ కాలంలో ఎక్కువ వండుతాం. ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. ఎర్ర రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది, సరిగ్గా ఉడకకపోతే వాంతులు, కడుపునొప్పి ఖాయం. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లుతూ కనీసం పది నిమిషాలు, నేనైతే అరగంట, మరగనివ్వాలి. ఆ తర్వాతే మూతపెట్టి 140 డిగ్రీల ఓవెన్‌లోకి. నానిన గింజల్ని నేరుగా సన్నటి వేడిలో పెట్టేసి గంటల తరబడి వదిలేస్తే మెత్తబడతాయి గానీ విషం పోదు. ఇంట్లో అందరూ తినే వంట కదా, ఈ ఒక్క మెట్టు దాటేయొద్దు.

బ్రెడ్ గురించి రాయకపోతే మా పెద్దది ఊరుకోదు. 2006లో న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ రాసిన వ్యాసంతో, జిమ్ లేహీ అనే బేకర్ చెప్పిన పిసకనక్కర్లేని బ్రెడ్ పద్ధతి ప్రపంచమంతా పాకింది. పిండి, నీళ్లు, ఉప్పు, అతి కొంచెం ఈస్ట్ కలిపి రాత్రంతా వదిలేసి, 230 డిగ్రీల్లో బాగా కాలిన గిన్నెలో వేసి మూత పెట్టడం. పిండిలోంచి వచ్చే ఆవిరి మూత కింద చిక్కుకుని పైపొర త్వరగా గట్టిపడకుండా చూస్తుంది, అందుకే బ్రెడ్ బాగా పొంగుతుంది, చివర్లో మూత తీస్తే పెళపెళలాడే పెంకు వస్తుంది. శనివారం రాత్రి మా పెద్దదే పిండి కలిపి గిన్నెకి గుడ్డ కప్పి పడుకుంటుంది, ఆదివారం ఎవరూ లేపకుండానే లేస్తుంది. కొనేముందు మూత పిడి చూసుకోండి. కొన్నిటికి నల్లటి ప్లాస్టిక్ లాంటి పిడి ఉంటుంది, అది ఇంత వేడికి ఆగకపోవచ్చు. స్టీల్ పిడి ఉన్నది తీసుకుంటే టెన్షన్ ఉండదు. ఖాళీ గిన్నెని అంత వేడి చేయొచ్చో లేదో కూడా దాంతో వచ్చే కాగితంలో చదవండి, కొన్ని కంపెనీలు వద్దంటాయి.

యాపిల్ గుజ్జు గురించి క్లుప్తంగా: ముక్కలు, దాల్చినచెక్క, గుక్కెడు నీళ్లు, 120 డిగ్రీల ఓవెన్‌లో మూత ఓరగా పెట్టి మూడు నాలుగు గంటలు. తొక్కలు, గింజల చుట్టూ ఉండే గట్టి భాగం పలుచటి గుడ్డలో మూటకట్టి గిన్నెలోనే వేయండి, పెక్టిన్ ఎక్కువ ఉండేది వాటిలోనే, గుజ్జు చిక్కబడుతుంది. ఇల్లంతా వాసన.

ఇక లోపాలు. మొదటిది బరువు, ఇదే పెద్దది. నిండుగా ఉన్నప్పుడు పది కిలోలు ఉంటుంది, వేడి వేడిది ఓవెన్‌లోంచి వంగి తీయాలి. అమ్మకి మణికట్టు నొప్పి, ఆవిడ ఖాళీది కూడా ఎత్తలేదు. ఎవరి కోసం కొన్నానో వాళ్లే ఒంటరిగా వాడుకోలేని గిన్నె ఇది, ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. మేమిద్దరం ఉన్నప్పుడు నేనో మా ఆయనో ఎత్తుతాం. ఇంట్లో వృద్ధులు ఒంటరిగా వండుకుంటుంటే దీన్ని కానుకగా ఇవ్వకండి.

రెండోది ఎనామిల్. అది గాజు. ఇనుము మీద కరిగించి అతికించిన గాజు పొర. దానివల్లే టమాటా, వెనిగర్ లాంటి పులుపు తగిలినా ఇనుము రుచి రాదు, తుప్పు పట్టదు, పూత లేని ఇనుప మూకుడుకి చేసినట్టు నూనె రాసి కాల్చే పని లేదు. కానీ గాజుకి ఉండే బలహీనతలన్నీ ఉంటాయి. మొదటి ఏడాది నేను వేడి గిన్నెని చల్లటి నీళ్ల కింద పెట్టాను, అడుగున సాలెగూడు లాంటి సన్నటి గీతలు పడ్డాయి. కంపెనీ వాళ్లకి ఫొటో పంపితే ఇది వాడకంలో జరిగిన పొరపాటు, గ్యారంటీ వర్తించదన్నారు. నియమం ప్రకారం వాళ్లది తప్పు కాదు, కానీ ఈ హెచ్చరిక డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండాల్సింది. గీతలే కాబట్టి ఇంకా వాడుతున్నా. పెచ్చులూడి ముక్కలు రాలడం మొదలైతే మాత్రం వండకూడదు, తిండిలో గాజు ముక్కలు కలుస్తాయి. స్టీల్ గరిటెలు, స్టీల్ పీచు దీని దగ్గరికి రానివ్వొద్దు. మరకలకి బేకింగ్ సోడా వేసి నీళ్లు మరిగిస్తే చాలు. గాజు పలక ఉన్న స్టవ్ అయితే గిన్నెని లాగకుండా ఎత్తి పెట్టండి.

మూడోది ఎవరూ చెప్పనిది. వేడి నిలుపుకునే గుణం తిన్నాక మనకి ఎదురు తిరుగుతుంది. మిగిలిన సూప్‌ని గిన్నెలోనే రాత్రంతా వదిలేస్తే అది గోరువెచ్చగా గంటల కొద్దీ ఉంటుంది, 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా చకచకా పెరుగుతుంది. రెండు గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అలాగే గుమ్మడి గుజ్జుని సీసాల్లో పెట్టి నిల్వ చేద్దామనుకోకండి, చిక్కదనం వల్ల వేడి మధ్యదాకా సరిగ్గా చేరదు, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషం ప్రమాదం ఉంది. ఫ్రీజర్ ఒక్కటే దారి.

ఇన్నీ చెప్పి మళ్లీ కొంటావా అంటే కొంటాను. 1707లో ఇంగ్లండ్‌లో అబ్రహాం డార్బీ ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోతపోసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పటికీ ఈ గిన్నెలు చాలావరకు ఇసుక అచ్చుల్లోనే పోస్తారు. ఇందులో కరెంటు లేదు, పాడయ్యే భాగం అంటూ పూత ఒక్కటే. జాగ్రత్తగా వాడితే మా పెద్దదాని ఇంటికి వెళ్తుంది. నలుగురైదుగురున్న ఇంటికి 26 సరిపోతుంది. ఇద్దరే అయితే 22 తీసుకోండి, ఎత్తడం కూడా సులువు. అమ్మ కోసం అంతకంటే చిన్నది వెతుకుతున్నా, రెండు వైపులా చెయ్యి పట్టేంత పెద్ద చెవులు ఉన్నది.

మా పిల్లలు ఇప్పుడు ఆ ఆదివారానికి తేదీ కూడా పెట్టేశారు, పగలూ రాత్రీ దాదాపు సమానమయ్యే రోజు దాటాక వచ్చే మొదటిది. ఉత్తరార్ధగోళంలో అది సెప్టెంబర్ 22 లేదా 23, దక్షిణాన ఉండేవాళ్లకి మార్చి 20 లేదా 21. ఎవరు ఏ ముక్క కోశారో, సూప్‌లో ఉప్పు సరిపోయిందో లేదో ఒక నోట్‌బుక్‌లో రాస్తారు. కిందటేడు పేజీలో మా చిన్నోడు "అమ్మమ్మ మొత్తం సేపు కూర్చుంది" అని రాశాడు. ఈసారి కాయ ముందే తెచ్చి పెట్టాం, గోరు గుచ్చితే తొక్కలోకి ఇంకా దిగుతోంది, లేతది. ఇది ఇచ్చేసి ముదురుది తెచ్చుకోవాలి.