పాసావ్ నుంచి వియన్నా దాకా, డాన్యూబ్ గట్టు వెంట

మాది కోనసీమ. సైకిల్ నేర్చుకున్నది గోదావరి ఏటిగట్టు మీద. యూరప్‌లో ఒంటరిగా సైకిల్ యాత్ర చేయాలని చాలా ఏళ్లుగా ఉండేది. ఏ దారి అని వెతుకుతుంటే, నది పక్కనే గట్టు, గట్టు మీదే సైకిల్ బాట ఉన్న దారి ఒకటి కనపడింది. ఇంక వేరే దారి చూడలేదు. పోయిన జూలైలో జర్మనీలోని పాసావ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా, సుమారు 320 కిలోమీటర్లు, ఏడు రోజుల్లో తొక్కాను. ఫ్రాన్స్‌లో అట్లాంటిక్ ఒడ్డున మొదలై నల్ల సముద్రం దాకా వెళ్లే యూరోవెలో 6 అనే పెద్ద సైకిల్ మార్గంలో ఇది ఒక ముక్క.

ముందే చెప్పేస్తాను, మొదటిసారి ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు తెలీదు. నది దిగువకు వెళ్తాం కాబట్టి ఎత్తులు దాదాపు లేవు. గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది, అంటే వీపు మీద తోస్తుంది. ప్రతి మలుపులో బాణం గుర్తు ఉంటుంది. ఫోన్‌లో మ్యాప్ తెరవకుండా గంటల తరబడి వెళ్లిన రోజులున్నాయి.

పాసావ్‌లో మూడు నదులు కలుస్తాయి. ఊరి కొసన నిలబడితే రంగులు విడివిడిగా కనిపిస్తాయి. ఇల్ట్స్ నది నల్లగా, ఇన్ నది ఆల్ప్స్ కొండల నుంచి వచ్చే పాలిపోయిన పచ్చ రంగులో, మధ్యలో డాన్యూబ్. నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం మునిసిపల్ భవనం గోడ మీది వరద గుర్తులు. 2013 జూన్‌లో నీళ్లు 12.89 మీటర్లకు వచ్చాయి, ఐదు వందల ఏళ్లలో అంత వరద లేదు. ఆ గీత నా తలకు చాలా పైన ఉంది. 1986 గోదావరి వరద గురించి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ గోడ ముందు నిలబడితే అదే గుర్తొచ్చింది.

సైకిల్ అద్దెకు తీసుకున్నది ఇక్కడే. కొన్ని దుకాణాలు పాసావ్‌లో ఇచ్చి వియన్నాలో వెనక్కి తీసుకుంటాయి. నేను వెళ్లిన చోట పని త్వరగా అయిపోయింది, మరీ త్వరగా. వెనక బ్రేక్ అరిగిపోయిందని మొదటి దిగుడులో గానీ తెలియలేదు. విడిగా ఇచ్చిన ట్యూబ్ సంగతి తర్వాత చెబుతాను. అక్కడే పావుగంట నిలబడి రెండు బ్రేకులూ పట్టి చూడండి, గేర్లన్నీ మార్చి చూడండి, సీటు మీ ఎత్తుకు పెట్టించుకోండి. వాళ్లు తొందరపెట్టినా మీరు తొందరపడకండి.

మొదటి రాత్రి ష్లోగెన్‌లో. గట్టి గ్రానైట్ రాయి అడ్డొచ్చి డాన్యూబ్ అక్కడ పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. అరగంట కొండెక్కితే ఆ వంపు మొత్తం ఒక్క చూపులో పడుతుంది. మధ్యాహ్నం జనం ఉంటారు, సాయంత్రం ఆరు దాటాక నేనూ ఇంకో ఇద్దరూ. అక్కడ బస చేస్తేనే ఆ సాయంత్రం దొరుకుతుంది. చాలామంది ఒక్కరోజులో లింట్స్ దాకా వెళ్లిపోతారు, అది తప్పని నా అభిప్రాయం.

లింట్స్ పెద్ద ఊరు, ఉక్కు ఫ్యాక్టరీల ఊరు. ఊళ్లోకి వెళ్లే చివరి పది కిలోమీటర్లు వాహనాల హోరు పక్కనే తొక్కాల్సి వచ్చింది. హోటల్లో సైకిల్ పెట్టడానికి నేలమాళిగ చూపించి దానికి వేరే డబ్బు తీసుకున్నారు. దారి మొత్తంలో నేను డబ్బు దండగ అనుకున్న రాత్రి ఇదొక్కటే. దానికి ముందు ఓటెన్స్‌హైమ్ అనే చిన్న ఊరుంది, అక్కడ ఆగి ఉండాల్సింది. అక్కడి పంటు మాత్రం ఎక్కాను. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు మీద పెరిగినవాళ్లకు ఇది వింతే, దీనికి ఇంజనే లేదు. నది మీద అడ్డంగా ఇనుప తాడు కట్టి ఉంటుంది, పంటును దానికి తగిలిస్తారు. నడిపే ఆయన చుక్కాని కాస్త వాలుగా తిప్పుతాడు, ప్రవాహం పక్కకు తోసుకుంటూ అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. చప్పుడు లేదు, పొగ లేదు, చెక్క కింద నీళ్ల గలగల ఒక్కటే.

లింట్స్ నుంచి 25 కిలోమీటర్లు వెళ్తే మౌట్‌హౌజెన్. నది ఒడ్డున చక్కని ఊరు, పూలకుండీలు, ఐస్‌క్రీమ్ దుకాణాలు. నాజీల నిర్బంధ శిబిరం ఊరి పైన కొండ మీద. ఆ ఎక్కుడు తొక్కలేక సైకిల్ తోసుకుంటూ వెళ్లాను. 1938 ఆగస్టు నుంచి 1945 మే 5న అమెరికా సైన్యం విడిపించేదాకా, ఇక్కడా దీని ఉప శిబిరాల్లోనూ సుమారు లక్షా 90 వేల మందిని బంధించారు. కనీసం 90 వేల మంది చనిపోయారు. పక్కనే గ్రానైట్ క్వారీ. ఖైదీలు రాళ్లు వీపున మోసుకుంటూ 186 మెట్లు ఎక్కాల్సి వచ్చేది. నేను పై నుంచే చూశాను. కింద గడ్డి పచ్చగా ఉంది, గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి, పక్షులు అరుస్తున్నాయి. అంతకుముందు ఆ క్వారీ వియన్నా నగరానిది, అక్కడి రాయి వియన్నా వీధులకు పరిచారు. ప్రవేశానికి డబ్బు తీసుకోరు. దారిలో ఉందని అరగంటలో చూసి వెళ్లిపోయే చోటు కాదు, కనీసం సగం రోజు ఉంచుకోండి. ఆ రోజు దూరం తక్కువ పెట్టుకోండి.

నేను ఆ పని చేయలేదు. గ్రైన్ ఇంకా 35 కిలోమీటర్లు ఉండగా, పొలాల మధ్య వెనక చక్రం పంక్చర్. ఆదివారం. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలన్నీ మూసేస్తారు. సంచులు దించి, చక్రం విప్పి, దుకాణం ఇచ్చిన కొత్త ట్యూబ్ తీస్తే దాని వాల్వు లావుగా ఉంది, రిమ్ముకున్న రంధ్రం సన్నగా ఉంది. ఎటు తిప్పినా దూరదు. చీకటి పడేలోపు గ్రైన్ చేరగలనా అని టెన్షన్ మొదలైంది. పావుగంటకు డెబ్బై దాటిన దంపతులు సైకిళ్ల మీద వచ్చి ఆగారు. నేనేమీ అడగకముందే ఆయన దిగి, రిమ్ము చూసి, తన సంచిలోంచి సన్నటి వాల్వు ట్యూబ్ తీశాడు. నేను టైరు ఎక్కిస్తుంటే ఆవిడ చక్రం పట్టుకుంది. డబ్బిస్తే తీసుకోలేదు. నా ట్యూబ్ వాళ్ల కారు దగ్గరున్న సైకిల్‌కు సరిపోతుందని సైగలతో చెప్పి అదొక్కటి తీసుకున్నారు.

గ్రైన్ చిన్న ఊరు, నాకు అన్నిటికంటే నచ్చిన రాత్రి అక్కడే. పాత ధాన్యపు కొట్టులో 1791లో ఊరివాళ్లే కట్టుకున్న నాటకశాల ఇప్పటికీ ఉంది. చందాదారులు తమ కుర్చీ మడిచి తాళం వేసుకుని వెళ్లేవాళ్లట, ఆ కుర్చీలు చూపిస్తారు. ఊరు దాటాక కొండలు రెండు వైపులా దగ్గరికి వచ్చేస్తాయి, పాపికొండల దగ్గర గోదావరిలా. ఒకప్పుడు ఇక్కడి సుడిగుండాలంటే పడవవాళ్లకు హడల్. నదిలో రాళ్లు పేల్చారు, దిగువన ఆనకట్ట వచ్చింది, ఇప్పుడు నీళ్లు చెరువులా ఉన్నాయి.

బస గురించి ఒక మాట. ఇళ్ల ముందు 'త్సిమ్మర్ ఫ్రై' అని బోర్డు ఉంటే గది ఖాళీ ఉందని అర్థం. ఒక్క మనిషికి టిఫిన్‌తో కలిపి నాకు 55 నుంచి 80 యూరోల మధ్య పడింది. వారం మధ్యలో ముందుగా బుక్ చేయకుండానే దొరికాయి, శని, ఆదివారాలకు మాత్రం రెండు రోజుల ముందే ఫోన్ చేశాను. గ్రైన్ ఇంటావిడ తడిసిన నా బూట్లలో పాత న్యూస్‌పేపర్లు కుక్కి, పొద్దున్నకి ఆరబెట్టి గుమ్మం ముందు పెట్టింది. శాకాహారులకు తిండి ఇబ్బందేమీ లేదు, కాకపోతే రోజూ చీజే. కేజ్‌ష్పెట్స్‌లె అని చీజ్‌లో కలిపిన పిండి ముద్దలు ప్లేటు నిండా పెడతారు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

మెల్క్ ఊళ్లోని క్రైస్తవ మఠం గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను తక్కువ చెబుతాను. తెరిచే వేళకు వెళ్లండి, బస్సులు వచ్చాక గ్రంథాలయంలో నిలబడటానికి చోటుండదు. అసలు అందం మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా ఉన్న వాఖావ్ లోయ, 2000 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. దూరం నలభై కిలోమీటర్లు లేదు, నాకు రోజంతా పట్టింది. ఉత్తర ఒడ్డున విల్లెన్‌డోర్ఫ్ అనే పల్లె. 1908లో రైలు మార్గం వేస్తుండగా అక్కడ 11 సెంటీమీటర్ల రాతి స్త్రీమూర్తి దొరికింది, వయసు ముప్పై వేల ఏళ్ల దరిదాపు. ష్పిట్స్‌లో పంటు ఎక్కి దక్షిణ ఒడ్డుకు మారాను. ఇటు కార్లు తక్కువ, ఆప్రికాట్ తోటలు ఎక్కువ. జూలై మధ్య అంటే కోతల కాలం. ఒక గేటు పక్కన బల్ల మీద పండ్ల బుట్టలు, పక్కన డబ్బులు వేసే రేకు డబ్బా, మనిషి లేడు. ఐదు యూరోలు వేసి బుట్ట తీసుకుని గట్టు మీద కూర్చుని సగం తినేశాను. పండు ఎండకు వెచ్చగా ఉంది, రెండు వేళ్లతో నొక్కితే గింజ నుంచి విడిపోతుంది. సాయంత్రం ఆ పండుతోనే చేసిన మరిల్లెన్‌క్నోడెల్ తిన్నాను, పూర్ణం బూరెలో పూర్ణంలా పిండి లోపల పండు మొత్తం ఉంటుంది, పైన వెన్నలో వేయించిన బ్రెడ్ పొడి.

సెయింట్ లోరెంట్స్ దగ్గర మళ్లీ పంటులో ఉత్తర ఒడ్డుకు దాటి డ్యూర్న్‌స్టైన్ వెళ్లాను. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ను 1192 చివర్లో బంధించిన కోట శిథిలం కొండ మీద ఉంది. ఊరి ఒకే ఒక్క వీధిలో క్రూజ్ ఓడల జనంతో సైకిల్ నడిపించడమే కష్టమైంది. పావుగంటలో బయటపడ్డాను.

క్రెమ్స్ తర్వాత దారి చప్పగా, తిన్నగా ఉంటుంది, త్వరగా దాటేయొచ్చు. త్స్వెంటెన్‌డోర్ఫ్ అణు విద్యుత్ కేంద్రం మాత్రం బాట పక్కనే వస్తుంది. పూర్తిగా కట్టారు, ఒక్కరోజూ నడపలేదు. 1978 నవంబర్ 5న ప్రజాభిప్రాయ సేకరణలో 50.47 శాతం మంది వద్దన్నారు.

వియన్నాలో సైకిల్ అప్పగిస్తూ బ్రేక్ సంగతి, ట్యూబ్ సంగతి చెప్పాను. ఒక రోజు అద్దె వెనక్కి ఇచ్చారు. మర్నాడు నేచురల్ హిస్టరీ మ్యూజియంకి వెళ్లి విల్లెన్‌డోర్ఫ్ మూర్తిని చూశాను. మళ్లీ వెళితే లింట్స్‌లో ఆగను, వాఖావ్‌లో రెండు రాత్రులుంటాను, అందులో ఒకటి దక్షిణ ఒడ్డున, ఆ బల్ల ఉన్న గేటుకు దగ్గర్లో.